ముత్యాలు వేలిముద్ర

ముందే చెప్తున్న భాస్కర్, నాకు వరస తప్పుతదేమో. వెనకది ముందు, ముందుది వెనక చెప్తనేమో. డెబ్భై ఆరేళ్ళు వచ్చినయ్. పొద్దున మాత్ర వేసుకున్ననో లేదో మధ్యాహ్నానికి గుర్తుండదు. అయితే ఏంది? మధ్యల ఆపకు. ఆపితే మళ్ళ మొదటికొస్త.

కూర్చో. రేపు పదకొండింటికి తాసిల్దార్ ముందర నేనేం చెప్పాల్నో అప్పజెప్పించుకోటానికేగా వచ్చినవు! పోయిన ఏడు నేను కాలు జారి పడితే ఖమ్మం నుంచి దమ్మపేట రావటానికి నీకు నాలుగు రోజులు పట్టింది. ఇయ్యాల ఫోన్ పెట్టేసేలోపే గుమ్మంల ఉన్నవు.

అవ్ కొడుకా, చెప్తున్న, విను. "మా ఇంట్ల పనిచేసిన కుంజా ముత్యాలు నా ఎదురుగ వేలిముద్ర వేసిండు. తన ఎనిమిదెకరాల పామాయిల్ తోట తన తర్వాత తన కొడుకు గణేష్ ఒక్కడికే చెందాలని నోటితోని చెప్పిండు. నేను కళ్ళార చూసిన. ఆ తర్వాతనే వీలునామా మీద సాక్షి సంతకం పెట్టిన."

సరిపోయిందా? ఒక్క ముక్క గూడ పోలేదుగా?

మరి నాకు మతిమరుపని డాక్టర్ దగ్గర చీటీ ఎందుకు రాయించినవు?

ఏందట్ల చూస్తవు? పోయినసారి నీ సంచి ఇక్కడే వదిలి బజారుకి పోయినవు. రెండు చీటీలు. ఒక డాక్టర్ భారతమ్మ బుద్ధి నిలకడగ ఉంది అని రాసిండు. ఇంకో డాక్టర్ భారతమ్మకి జ్ఞాపకం పోతుంది అని రాసిండు. రెండూ ఒకటే వారంల రాసినయ్! నీకు పనికొచ్చే మాట చెప్తే మొదటిది తీస్తవు, ఎదురు తిరిగితే రెండోది తీస్తవు. అబ్బ, ఏం తెలివిరా! అచ్చం మీ నాన్న తెలివి.

అరవకు. పక్కింట్ల సుశీలమ్మ వింటది. విననీ, నాకేం? నేను బడి మొహం చూడలేదు గానీ, కొట్టుల పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువు నేర్చుకున్నదాన్ని. నా ఇంట్ల కాగితం పడేసి పోతే చదవకుండ ఉంటనా?

మీ నాన్న కొన్న తోటనే. కాదనను. కృష్ణా నది అవతల నుంచి వచ్చినోళ్ళం, ఇది ఏజెన్సీ భూమి, గిరిజనులు కానోళ్ళ పేరున ఎక్కదన్నరు. మీ నాన్న చెంచురామయ్యగారు ఆగుతడా? ముత్యాలు కోయ మనిషి గదా, ఆయన పేరున రాయించిండు. పట్టా ఆయనది, పంట మనది. పేరు ఇచ్చినందుకు ముత్యాలుకి ఏం దక్కింది? దసరాకి పంచె, ఉగాదికి చొక్కా. "రెండెకరాలు నీకే రాసిస్తలేరా" అని మీ నాన్న పోయేదాక అంటనే ఉన్నడు. ఆయన పేరున ఉన్న భూమిని ఆయనకే రాసిస్తడట! ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు నాకూ రాలేదు.

పోయేముందు మీ నాన్న అన్నీ సర్దిపెట్టిండు. ఇల్లు నాకన్నడు, ఖమ్మం కొట్టు నీకన్నడు. తోట ఊసు ఎత్తలేదు. ఎందుకు? ముత్యాలు గూడ ఒకరోజు పోతడని ఆయనకి తట్టలే. ఇంట్ల రోలు చచ్చిపోతదని ఎవరన్న అనుకుంటరా? గట్లనే.

పోయిండు మరి. మాఘంల, భద్రాచలం దవాఖానాల.

ఇగ విరాసత్ అన్నరు. పోయిన మనిషి భూమి ఎవరి పేరున ఎక్కాలె? పెళ్ళాం ఆదెమ్మ, కొడుకు గణేష్, బిడ్డ పుష్పలత. గణేష్‌ని బైక్ ఆశ చూపి మెత్తబరిచినవు, పట్టా వాడిది, పంట మళ్ళ నీది. ఆదెమ్మ నీ ముందర నోరెత్తలే. పుష్పలత మెత్తబడలే. ఏన్కూరుల నర్సు పని చేస్తది, నీ కాగితం ఆసాంతం చదివి, "అన్నా, ఇది మా నాయన చేసింది కాదు" అని నీ చేతుల పెట్టింది. నువ్వు ఆ పిల్లని ఏమన్నవో నేను ఇంట్లనుంచి విన్న. మళ్ళ చెప్పించకు, నా నోరు పాడయితది.

ఆ పిల్లకెట్ల తెలిసిందని అడుగుతవు. నీకెందుకు తెలవలేదని నేను అడుగుతున్న.

ముత్యాలుకి సంతకం వస్తదిరా!

అవ్, వస్తది. నేనే నేర్పిన. నువ్వు ఖమ్మంల హాస్టల్ల ఉన్నవప్పుడు. ఒకరోజు బ్యాంకు నుంచి వచ్చి వేలు గోడకి రుద్దుకుంటున్నడు. "అక్కడ చిన్న చిన్న పిల్లలు నవ్వుతున్నరమ్మా, నా పేరు నాకు నేర్పు" అన్నడు. ఖాళీ ఎరువు సంచి మీద సుద్దముక్కతోని నాలుగు నెలలు దిద్దిండు. ఆ తర్వాత ఎవరన్న ఇంక్ ప్యాడ్ ముందర పెడితే మనిషికి కోపం వచ్చేది. పెన్ను గుంజుకునేవాడు. చచ్చిపోయే ముందు దవాఖానాల చేర్చుకునే కాగితం మీద గూడ సంతకమే పెట్టిండు. అది పుష్పలత దగ్గర భద్రంగ ఉంది.

నువ్వేమనుకున్నవు? కోయ మనిషి గదా, వేలిముద్రే అనుకున్నవు. అడగాల్సిన పని గూడ లేదనుకున్నవు! ఎవరి వేలు అద్దించినవు? నీ కొట్టుల మూటలు మోసే బద్యాదా? అది ఎవరి వేలో ముద్రే చెప్తదట, పుష్పలత అన్నది.

ఏందీ? నేను సంతకం పెట్టలేదా అంటవా?

పెట్టిన. అదే చెప్పబోతున్న. ఆ రోజు ముత్యాలు దినం. ఆదెమ్మ నా పక్కన కూర్చుని, "ఇంకొంచెం పెట్టించుకో అమ్మా, నీకు చేపలంటే ఇష్టమని ఆయన అనేవాడు" అని కొసరి పెట్టింది. అక్కడ తిని ఇంటికొచ్చిన. నువ్వు కాగితం ముందర పెట్టినవు. తేదీ చూసిన, నెల వెనకది. వేలిముద్ర చూసిన. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివిన. చదవనట్టు సంతకం పెట్టిన.

కొడుకువని పెట్టలేదు. నన్ను అంత మంచిదాన్ని చేయకు. తోట పోతదని పెట్టిన.

మరి ఇప్పుడేమయిందంటవా? మొన్న ఏమయిందో చెప్త. వరండాల కూర్చుని నువ్వు చెప్పిన పాఠం నెమరేసుకుంటున్న. ముత్యాలు అరుగు మీద కూర్చుని వేలు అద్దుతున్నట్టు కనపడ్డది. చొక్కా రంగుతో సహా! జరగనిది, జరిగినట్టే ఉంది. అప్పుడు భయమేసింది భాస్కర్. ఇంకో నెల పోతే నీ అబద్ధమే నాకు నిజమయితది. దాన్నే పట్టుకుని చచ్చిపోత. ఆ సుద్దముక్క మర్చిపోత. నేను మర్చిపోతే, ఈ ఇంట్ల అది గుర్తున్నోళ్ళు ఎవరున్నరు?

అందుకే గుర్తున్నప్పుడే రాసి పెట్టిన. మూడు పేజీలు, నా చేత్తోనే. ఇగో, చూస్కో.

చింపుకో. అది జిరాక్స్. అసలుది పొద్దున్నే పుష్పలతకి ఇచ్చిన. నీ రెండో చీటీ చూపిస్తవా? చూపించు. మతిమరుపు ముసలిదాన్ని సాక్షిగ ఎందుకు పెట్టుకున్నవని అడుగుతరు, జవాబు తయారు చేసుకో. కేసయితే ఇద్దరికీ అయితది. జైల్ల కింద పడుకోవటం నాకు చేతకాదు, ఒక దిండు తెచ్చిపెట్టు.

చింపేముందు ఒక్క పని చెయ్. పేర్ల కాడనే నాకు అనుమానం, తప్పులు పోయినయేమో. వారసులు: కుంజా ఆదెమ్మ, కుంజా గణేష్, పుష్పలత. పుష్పలత అత్తగారింటి పేరు సోడెనా, తాటినా, నాకు గుర్తు రావట్లే. దొంగ వీలునామా రాయించింది ఉదయ్ భాస్కర్. తెలిసి సంతకం పెట్టింది భారతమ్మ. నీ కళ్ళు మంచిగున్నయ్, ఒకసారి చూడు నాయనా. పేర్లన్నీ సరిగ్గనే ఉన్నయా?