అంజిలయ్య తుంటి ప్రతాపం

ఊకొట్టే చెవి ఉంటేనే ముందుకు నడిచే కథ ఇది. అనగనగా మొయినాబాద్‌లో ముత్తమ్మ నడిపే ఒక చాయ హోటల్, ఆ హోటల్‌కు రోజూ వచ్చే అంజిలయ్య అనే మాటకారి. ఆ మధ్యాహ్నం అతని ఎదుట శంకర్‌పల్లి పక్క ప్రొద్దుటూరు రేణుక కూర్చుని ఉన్నది. గండిపేట రోడ్డు మీద బండి జారి ఆమె పెనిమిటి ప్రేమ్‌చంద్‌కు తుంటి గిన్నె, అంటే తొడ ఎముక కూర్చునే కీలు గుంట, పగిలింది. ఆపరేషన్‌కు సంతకం పెట్టాలో, ఇంటికి తీసుకుపోయి నాటు కట్టు కట్టించాలో ఆమె సాయంత్రంలోగా తేల్చాలి. ఆపరేషన్ అయితే చాలామంది బాగానే నడుస్తారనీ, కొందరికి కొన్నేళ్లకు కీలు అరిగి మళ్లీ కోత తప్పదనీ డాక్టర్ చెప్పాడు. ఆ రెండు మాటల నడుమ ఆమెకు దిక్కు తోచలేదు.

"ఫికర్ చెయ్యకు చెల్లె," అన్నాడు అంజిలయ్య. "నాకు సుత గదే గిన్నె పగిలింది. చేవెళ్ల అంగట్ల ఎద్దు కుమ్మితే ఆపరేషన్ చేసి ప్లేటు ఏసిండ్రు. మూడో దినం లేచి నడిచిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎనిమిదో దినం చిల్కూరుల నూటెనిమిది ప్రదక్షిణలు చేసిన, కాళ్లు ఆగకపోతే పక్కోళ్ల మొక్కులు సుత నేనే తిరిగిన."

మూడు నెలలు కాలు మోపవద్దని డాక్టర్ అన్నాడే అని రేణుక సందేహించింది. అది మామూలు మనుషుల లెక్క అని అంజిలయ్య ఎడమ తుంటి చరిచాడు, మాట నడుమ కుడి తుంటి చరిచాడు. రేణుకను తీసుకొచ్చిన ఆటో మల్లేశ్ ఏ కాలని అడిగితే, రెండూనన్నాడు.

"బురదల దిగవడ్డ ట్రాక్టర్‌ను తుంటితోని ఒక్క నూకు నూకితే పోయి శంకర్‌పల్లి రోడ్డెక్కింది. డాక్టర్లొచ్చి నా గిన్నె కొలత తీస్కపోయిండ్రు. ఇప్పుడు పుట్టే పోరగాండ్లకు గదే కొలత."

మూడు దినాలా, మూడు నెలలా? రేణుకకు ఏదీ అంతు పట్టలేదు. నేల మీద కాళ్లు మడిచి సక్లముక్లం కూసొని తింటవా అన్నా అని మాత్రం అడిగింది. తింటనన్నాడు.

చాయ వడపోస్తున్న ముత్తమ్మ తలెత్తింది. "అంజిలూ, మూడేండ్ల సంది నీకు నిలవడ్డకాన్నే చాయ ఇస్తున్న. గా పిల్ల ముంగట ఒక్కపారి కింద కూసో."

అంజిలయ్య కూర్చోలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"కోతకు భయపడి దవాఖానల నుంచి ఉరికొచ్చిన చెల్లె. కట్టు కట్టించుకున్న. ఆపరేషన్ అయితే ఎట్లుంటదో నాకెరుక లేదు. కాకుంటే ఎట్లుంటదో జర చూడు."

ఆమె చూస్తుండగా, ఒక పక్కకు కుంగుతూ, రోడ్డు దాకా నడిచి వెనక్కి వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. రేణుక లేచి మల్లేశ్‌ను దవాఖానకు పోనిమ్మన్నది.

ఈ కథ నాకు మొదట చెప్పినది ఆ చాయ పోసిన మా నాయనమ్మ ముత్తమ్మే.