కోటిమంది చూసిన పొట్టేలు

ఉదయగిరిలో అబ్దుల్ రజాక్ ఇంటి అరుగు మీద సురేంద్రబాబు చతికిలబడినాడంటే ఇక చెవులు అప్పగించాల్సిందే. వీడియో తీసిపెడతానని పొద్దున్నే వచ్చిన మనిషి, రెండు టీలు తాగినాడు గానీ జేబులోంచి ఫోను బయటికి తియ్యలేదు.

రజాక్ కూతురు నిషాత్‌కు ఒళ్లు మండిపోతా ఉంది. చెక్క గరిటెలకు గిరాకీ పోయిందని, సోమవారం నుంచి ఆత్మకూరు గోడౌన్లో వాచ్‌మన్‌గా చేరతానని వాళ్ల నాయన తేల్చేసినాడు. తాతల కాలం పని. వీడియో చూసి ఎవరైనా అడగకపోతారా అన్నదే ఆ పిల్లకు మిగిలిన ఆశ. అందుకే ఈ మహానుభావుణ్ణి పిలిపించింది.

"మాల్యాద్రి పొట్టేలును తీసినా గదా, చూసినారా?" అని ఎత్తుకున్నాడు సురేంద్రబాబు. పక్కనే టీ తాగుతున్న గొర్రెల మాల్యాద్రి తల ఎత్తలేదు. "ముందు వెలుతురు చూసుకోవాల. ఎండకు వీపు పెట్టి నిలబెడితే మొగం నల్లగా పడతాది. ఫోనును చెంబుకు ఆనించి పెట్టినా, కదలకుండా. మొదటి మూడు సెకన్లలోనే పొట్టేలు మీదికి దూకినాది. ఇంక చూసేవాడి వేలు ముందుకు పోతాదా? సాయంత్రానికి వెయ్యిమంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలీదని ఎవరన్నా అనేలోపే తానే చెప్పినాడు. తెల్లారేసరికి లక్షమందంట. మధ్యాహ్నానికి వింజమూరు సెల్ టవర్ వేడెక్కి, దాని మీద వాలిన కాకులు కాళ్లు కాలి ఎగిరిపోయినాయంట. ఫోను ఎంత కాగిందంటే వాళ్లావిడ రమణి దానిమీదే రెండు దోసెలు పోసిందంట, అందులో ఒకటి కారం దోసె. మరీ ఇంత కోతలా అని రజాక్ గొణిగితే, తిన్నోణ్ణి నేనా నువ్వా భాయ్ అని గదమాయించినాడు.

రజాక్‌కు నవ్వు ఆగలేదు. మామూలుగా ఆయన ఫోను కనిపిస్తే చాలు, పని ఆపి బిగుసుకుపోతాడు. కాలివేళ్ల మధ్య కర్ర బిగించి చెక్కుతాడు గదా, వంటలో పెట్టే గరిటెను కాళ్లతో పట్టుకున్నాడంటారని ఆయనకు సిగ్గు. ఇప్పుడు నవ్వుల్లో అదంతా మరిచిపోయి, గరిటెను కాలివేళ్ల మధ్యే బిగించి, ఆకురాయితో కాడను నున్నగా రుద్దుకుంటా కూర్చున్నాడు. నిషాత్ వెలుతురు ఎటుందో చూసుకుని, తన ఫోనును నీళ్ల చెంబుకు ఆనించింది. పొడి రాలే చోటు నుంచే మొదలుపెట్టి అర నిమిషం తీసి, లోపలికి పోయి నెట్లో పెట్టేసింది.

సురేంద్రబాబు ఇదేమీ చూడలేదు. ఆయన అప్పటికి కథలో సోమశిల డ్యాము చేరినాడు. జాలర్లు పడవల్లో వీడియో చూస్తంటే, చేపలు కూడా చూద్దామని నీళ్లపైకి వచ్చి తలలెత్తినాయంట. వలల పనే లేకుండా చేతుల్తో ఏరుకున్నారంట. మూడో టీ, నాలుగో టీ అయినాయి. మధ్యాహ్నం నమాజు వేళకు దుబాయ్ షేకు పొట్టేలు కోసం విమానం పంపినాడు, కిటికీ పక్క సీటుతో సహా.

"కోటిమంది చూసినారు భాయ్. కోటి దాటినాక లెక్కపెట్టే మిషనే నావల్ల కాదని చేతులెత్తేసింది."

నిషాత్ ఫోను చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది.

"అన్నా, అంతమంది చూసినారు గదా. పొట్టేలు ఎంతకు పోయింది?"

సురేంద్రబాబు ఖాళీ గ్లాసును ఇంకోసారి నోటిదాకా ఎత్తినాడు. జవాబు మాల్యాద్రి చెప్పినాడు. "యాడికి పోయింది? మా దొడ్లోనే ఉండాది. చూసింది పన్నెండుమంది, పదిమంది ఈయన చుట్టాలే."

"మాది డెబ్బై ఒక్కరు చూసినారు," అంది నిషాత్. తర్వాత వాళ్ల నాయన పక్కన కూర్చుని ఫోను చూపించింది. "అబ్బాజాన్, కావలిలో ఒకామెకు ఆరు గరిటెలు కావాలంట. ఎన్నాళ్లకు ఇస్తారని అడగతా ఉండాది. నువ్వు చెప్పు, ఏం రాయమంటావు?"

రజాక్ ఫోనులో తన చేతుల్ని, తన కాళ్లను చాలాసేపు చూసుకున్నాడు. గోడౌన్ మాట ఎత్తలేదు. కర్రను మళ్లీ వేళ్ల మధ్య బిగించినాడు.

"సోమవారమంతా కూర్చుంటే గాని కావు. మంగళవారం పంపిస్తామని రాయమ్మా."