నొబాండ్లా మీద తీర్పు

మోకాళ్ల నొప్పులంటారేంటి అత్తయ్యా? ఇందాకే కదా ఎర్ర జాకెట్టు ఇస్త్రీ చేయించుకున్నారు, తెల్ల టోపీకి గంజి పెట్టించుకున్నారు. గురువారం ఆడవాళ్ల ప్రార్థనకి నాలుగు వీధులు నడిచే మోకాళ్లు, రెండు వీధుల అవతలున్న పోలీస్ స్టేషన్‌కి నడవవా?

స్టేషనంటే నేరం కాదని నిన్న కూడా చెప్పాను. ప్రమాణ పత్రాల మీద ముద్ర వేసేది వాళ్లే కదా మరి. మీరు వెళ్లి, నోజూకో ఎంబాంగి అన్నా నొబాండ్లా జొద్వానా అన్నా ఒక్క మనిషే, నా కోడలే అని చెప్పాలి. వాళ్లు రాసుకుని ముద్ర కొడతారు. ఐదు నిమిషాల పని.

ఉండండి, కుండ పొంగుతోంది.

ఆఁ, ఎంతవరకొచ్చాను? రేపు శుక్రవారం. రేపు నాలుగింటిదాకా ఆగుతానంది ఆ ఇల్లు అమ్మే ఆసుపత్రి నర్సమ్మ. ఆ తర్వాత డబ్బు చేత్తో పట్టుకుని ఇంకెవరో కూర్చున్నారట. మదర్‌వెల్‌లో రెండు పడకగదుల ఇల్లు మళ్లీ నాకెవరిస్తారు? ఆసుపత్రి వంటింట్లో పన్నెండేళ్లు గరిటె తిప్పితే, ఇప్పటికి బ్యాంకువాడు ఇంటి అప్పుకి సరే అన్నాడు. అని, ఆ వెంటనే, మీ మీద కోర్టు తీర్పొకటి ఉందమ్మా, అన్నాడు.

తీర్చేశాను బాబూ, అన్నాను. రసీదులన్నీ వాడి బల్ల మీద పరిచాను. తీర్చారు సరే, కోర్టు కొట్టేయలేదుగా, అన్నాడు. బాకీ తీరితే తీర్పు దానంతటదే పోతుందనుకున్నాను నేను. పోదట. మనమే వెళ్లి కొట్టేయించుకోవాలట. ఈ ముక్క డబ్బు కట్టించుకున్నరోజు ఒక్కడైనా చెప్పాడా?

ఏ బాకీ అంటారా? ఆ సోఫా గుర్తులేదూ? గుర్తులేకపోవడమేంటి, ఇప్పుడు దాని మీదే కూర్చున్నారుగా.

మీ చిన్నబ్బాయి మన ఆచారం ప్రకారం అడవిలో నెల రోజులుండి మగాడై తిరిగొచ్చిన పండుగకి కొన్నాం. చుట్టాలొస్తారు, పాత కుర్చీలు చూస్తే పరువు పోతుందన్నారు. నేనప్పుడు కొత్త కోడల్ని. భుజాల మీద శాలువా, వంచిన తల. నన్ను దుకాణానికి తీసుకెళ్లింది మీరే. పేరేంటని దుకాణంవాడడిగితే, నొబాండ్లా, మా కోడలు, అని చెప్పింది కూడా మీరే. అతను మీరు చెప్పింది రాసుకున్నాడు. నా గుర్తింపు పుస్తకం తిరగేసి నంబరు మాత్రం ఎక్కించుకున్నాడు.

కాదండీ, నా పేరు నోజూకో, అని కొత్త కోడలు నలుగురిలో అత్తగారి మాటకి అడ్డొస్తుందా? మీరైతే ఒప్పుకునేవారా? మా పెళ్లి ఓలి ఆవులతో, పెద్దల మాటతో అయింది. సర్కారు కాగితం ఎవరడిగారు? కోడలికి మీరు పెట్టిన కొత్త పేరు ఎక్కలేదు, పుస్తకంలో పుట్టింటి పేరే ఉండిపోయింది.

చుట్టాలు సోఫా మెచ్చుకున్నారు. దాని మీద ప్లాస్టిక్ కాగితం కూడా తీయనివ్వలేదు మీరు. నేను మాత్రం కొత్త కోడల్ని కాబట్టి ఏడాదిపాటు చాప మీదే. ఆ చాప మీద కూర్చునే దాని వాయిదాలు లెక్కపెట్టుకునేదాన్ని. మీ అబ్బాయి మ్జూకిసి పోయాక ఆ వాయిదాలు ఆగిపోయాయి. దుకాణంవాడు కోర్టుకెళ్లాడు. తర్వాత నేను నాలుగిళ్లలో బండలు తోమి, వడ్డీతో సహా కట్టాను. ఆ సంగతి మీకు తెలుసు. తెలియదనకండి.

ఆ దుకాణం ఇప్పుడు లేదు. దాని లాయర్లని వెతికి పట్టుకుని, మాకు రావలసిందేమీ లేదు, తీర్పు కొట్టేయవచ్చు, అని ఉత్తరం తెచ్చుకోడానికి ఐదు వారాలు పట్టింది. పట్టుకెళ్తే కోర్టులో గుమాస్తా పిల్ల ఏమంది? ఉత్తరంలో నోజూకో ఉంది, మా ఫైల్లో నొబాండ్లా ఉంది, ఈ నొబాండ్లా ఎవరూ, అంది.

నేనే, అన్నాను. రుజువేంటి, అంది.

నవ్వకండి. పైగా ఆ ఇంటి పెద్ద ఎవరని అడిగింది. మామగారి పేరు నోటితో ఎలా పలుకుతాను? కలం అడిగి చీటీ మీద రాసిచ్చాను. అది కూడా మనవాళ్ల పిల్లే, అర్థమై కిసుక్కుమంది. ఆయన పోయి పదేళ్లయినా ఆ పేరు నా నోట రాలేదు. ఆ మర్యాద నేను తప్పలేదు.

మీరేమో కిటికీలోంచి చూస్తున్నారు. మదర్‌వెల్ అంత దూరమేం కాదు. రెండో గది ఎవరికనుకుంటున్నారు? మీ మంచం పడుతుంది, కొలుచుకునే వచ్చాను. రాకపోతే మీ ఇష్టం.

ఒక్క నిమిషం కూర్చోనివ్వండి. ఇక్కడే, మీ పక్కన.

మీరు స్టేషన్‌కి రానక్కర్లేదు అత్తయ్యా.

సోమవారం అడిగితే మీరు ముఖం తిప్పుకున్నారు. మంగళవారం మన మారడేబే పిన్ని నాతో స్టేషన్‌కి వచ్చి చెప్పేసింది. మీరు నాకు పేరు పెట్టినరోజు ఆవిడా ఉందిగా. కానిస్టేబుల్ ముందు నిలబడి గడగడా రెండు పేర్లూ చెప్పింది. నిన్న మేజిస్ట్రేటు తీర్పు కొట్టేశారు. బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. నర్సమ్మ సరేనంది. ఇల్లు వచ్చినట్టే.

అవును, అబద్ధమే చెప్పాను. నిన్న సాయంత్రం నుంచి మీ ప్రాణం తీస్తున్నది కాగితం కోసం కాదు.

ఇరవై రెండేళ్లయింది ఈ ఇంటికొచ్చి. నన్ను కన్నవాళ్లు పెట్టిన పేరుతో ఇక్కడ ఎవరూ పిలవలేదు. మీ అబ్బాయి కూడా. మీరు పెట్టిన పేరంటే నాకు కోపం లేదు, మీకు మచ్చ రాకుండా దాన్ని మోశాను. బాకీ కూడా ఆ పేరు మీదే మోశాను. కానీ ఆ పిన్ని నోజూకో అంటుంటే, స్టేషన్లో అందరి ముందు ఏడ్చాను. ఆ పేరు మీ నోట వినాలనిపించింది. ప్రమాణం మీదైనా సరే, పోలీసు అడిగినందుకైనా సరే. అంతే అత్తయ్యా, ఇంకేం లేదు.

ఇప్పుడు ముద్ర వద్దు, సంతకం వద్దు. నేను వెళ్లేలోపు ఒక్కసారి పిలవండి.

ఏమన్నారు?

అది కాదు. అది మీరు పెట్టింది. రెండోది.

ఏంటా అని అడుగుతారేంటి? ఇందాకట్నుంచి చెబుతూనే ఉన్నాను కదా అత్తయ్యా, ఒక్కసారి కూడా చెవిన పడలేదా?

పోనీలెండి. టోపీ పెట్టుకోండి, ప్రార్థనకి వేళవుతోంది. మలుపుదాకా తోడొస్తాను.