మెక్సికో మరియా ఎడమ చెయ్యి

కోటప్పకొండ తిరణాల, 1987. మిట్టమధ్యాహ్నం. కుస్తీ డేరా వెనక మైకు బాలశౌరి ఒక్కడే కూర్చుని మోచేతికి పసుపు అద్దుకుంటున్నాడు. ఎదురుగా ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

"మూడొందల పన్నెండు కుస్తీలు పెద్దాయనా. పన్నెండు కాదు, మూడొందల పన్నెండు! ఒక్కటీ ఓడలా. మెక్సికో మరియా నడుం ఇంతవరకూ నేల మొహం చూడలా. వాళ్ళ దేశంలో ఎద్దు అడ్డమొస్తే కొమ్ములు పట్టుకుని పక్కన పెట్టి పోయేది."

"పొద్దున చూసిందిగా."

"ఎవరు?"

"నడుం. నేల మొహం. మాచర్ల కుర్రాడు ఎత్తి పడేస్తే లేచిన దుమ్ము ఇదిగో, ఇంకా నా చొక్కా మీదే ఉంది."

"ఓ, అదా! అది పడటం కాదు పెద్దాయనా. మెక్సికోలో ఎదుటోడికి చేసే మర్యాద."

"మర్యాద చేస్తా 'వామ్మో నా నడుం' అందే?"

"నాలుగేళ్ళ నుంచి మన ఊళ్ళు తిరుగుతుందిగా. తెలుగు అంటుకుంది."

"ఓడితే ముసుగు తీసి, మొహం చూపించి, పేరు చెప్పుద్దని బోర్డు రాశారు. పడంగానే ముసుగు రెండు చేతుల్తో పట్టుకుని డేరా కింద దూరి పారిపోయింది."

"సిగ్గెక్కువ."

"పొద్దున మైకులో నీ గొంతు లేదేంది?"

"గొంతు పోయింది."

"ఇప్పుడు బానే ఉందే."

"ఇప్పుడే వచ్చింది. గోలీసోడా తాగా. ఇంతకీ మీరెవరు పెద్దాయనా? పోలీసా?"

"నేనెవరో నీకు తెలీదూ?"

"ఎట్టా తెలుసుద్ది? తిరణాలకి లక్షమంది వస్తారు. అందరికీ నేనేనా బొట్టుపెట్టి పిలిచింది?"

"నర్సరావుపేటలో సైకిల్ షాపు నాది. ఇమాం సాహెబుని. ఒకప్పుడు షాపు వెనక గోదాలో కుస్తీ నేర్పేవాణ్ణి. జరీనా నా కూతురు."

"జరీనా ఎవరు?"

"బాలశౌరీ."

"నా పేరు మీకెట్టా తెలుసు?"

"ఆట మొదలయ్యే లోపల నువ్వే పదిసార్లు చెప్పుకుంటావు గదరా మైకులో. సరే, విను. ఒకసారి మా షాపుకి బేరింగులు చుట్టి పంపిన ఇంగ్లీషు కాయితంలో ఒక ఫొటో వచ్చింది. మెక్సికో ఆడమనిషి, కుస్తీ పట్టే ఆమె. ఎర్ర ముసుగు, నుదుటి మీద తెల్ల నక్షత్రం. జరీనా దాన్ని కత్తిరించి పెట్టెలో దాచుకుంది. అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు. మీ మరియా ముసుగు మీద అదే నక్షత్రం. కుట్టు గూడా మా ఇంట్లో మిషనుదే. మూడు కుట్లకోసారి దారం వదిలేస్తది."

"ఫారిన్ మిషన్లు గూడా అట్టానే వదిలేస్తన్నాయంట ఈ మధ్య."

"నాలుగేళ్ళు చూశాన్రా నేను. మాచర్ల, గురజాల, బొల్లాపల్లి, యాడ డేరా ఏస్తే ఆడికి. సామాన్లకి పోతున్నానని మా ఇంటిది చాంద్ బీకి చెప్పి, టిక్కెట్టు కొనుక్కుని, వెనక వరసలో కూర్చునేవాణ్ణి. ఇంక అబద్ధాలాపు. ఇల్లొదిలి పోయేటప్పుడు నేనేమన్నానో నీకు చెప్పిందా?"

"ఎవరు, మరియానా?"

"చెప్పిందా లేదా?"

"చెప్పింది మామా. 'గెలిచినన్నాళ్ళూ నా గడప తొక్కమాక. ఓడిన రోజున రా' అన్నావంట."

"కోపంలో అన్నా. నెల తిరక్కుండా ఓడి వస్తదిలే అనుకున్నా."

"ఓడలా మామా."

"ఓడలా."

"అంటే, ఇయ్యాల దాకా ఓడలా! ఇయ్యాల ఓడిందిగా! తిరణాలంతా చూసింది, నువ్వూ చూశావు, దుమ్ము గూడా ఉంది నీ చొక్కా మీద. మాట ప్రకారం తీసుకెళ్ళు. ఏదన్నా వేడిగా వండి పెట్టమను అత్తని. పో మామా, పో."

"చానా తొందర మీదున్నావే."

"ప్రభలు కదిలితే బస్సులు దొరకవని."

"ఇయ్యాల నేను ముందు వరసకి ఎందుకొచ్చానో అడగవేంది?"

"ఎందుకొచ్చావు?"

"గోదాలో దిగేముందు మట్టి తీసి నుదుటికి అద్దుకోవాలి. దానికి నేర్పింది నేనే. కానీ జరీనాది ఎడమచెయ్యి. కుడిచేత్తో అద్దుకోవే అని సైకిల్ పుల్లతో అరచేతి మీద ఎన్నిసార్లు కొట్టానో. మారలా. నాలుగేళ్ళూ ఎడమచేత్తోనే అద్దుకుంది. నా మీద కసికొద్దీ అనుకునేవాణ్ణి. పొద్దున మరియా కుడిచేత్తో అద్దుకుంది. అది చూసే ముందు వరసకొచ్చా."

"మెక్సికోలో శివరాత్రి పూట..."

"ఆ మోచెయ్యేంది, చీరుకుపోయింది?"

"సైకిల్ మీద నుంచి పడ్డా."

"చెవుల ఎనక ఎర్రరంగేంది?"

"పుట్టుమచ్చ."

"రెండు చెవులకీనా?"

"జంట మచ్చలు మామా."

"చెమటకి గుడ్డ రంగు దిగుద్దిరా. చెప్పు. పొద్దున ఆ ముసుగులో ఉందెవరు?"

"నేనే మామా."

"నా బిడ్డ యాడుంది?"

"నర్సరావుపేటలోనే. ఆసుపత్రిలో. నీ షాపుకి నాలుగు సందులవతల."

"యా అల్లా. ఏమైంది దానికి?"

"గురువారం గురజాలలో ఎడమ భుజం పోయింది. ప్రాణానికేం భయం లేదన్నారు. కానీ ఇంక జన్మలో కుస్తీ పట్టగూడదని చెప్పేశాడు డాక్టరు. ఇంటికి పోదాం పదక్కా అంటే, 'నేను ఓడలేదు గదరా బాలశౌరీ, ఏ మొహం పెట్టుకుని పోను?' అంటది. అన్నం గూడా సరిగ్గా తినటంలా. అందుకే తన ముసుగేసుకుని నేను ఓడొచ్చా. అక్కకి తెలీదు. తెలిస్తే ఉన్న ఒక్క చేత్తోనే నన్ను చంపుద్ది."

"గురువారం కుస్తీ గెలిచిందా?"

"గెలిచింది."

"భుజం పోయినాక గెలవటమేందిరా?"

"ముందు కొంచెమే జారింది మామా. ఆపక్కా, నేలమీద ఒక్కసారి చేత్తో తట్టక్కా, చాలు, ఓడినట్టే, అని మైకు పక్కన పడేసి అరిచా. తట్టలా. జారిన భుజంతోనే ఆ మనిషిని ఎత్తి పడేసింది. అప్పుడు టక్కుమంది. డేరా చివరికి వినపడింది."

"ఒక్కసారి తడితే పొయ్యేదానికి! ఎందుకు తట్టలేదురా?"

"నువ్వు చూస్తన్నావని."

"నేనా?"

"మా నాయన వెనక వరసలో ఉన్నాడురా, ఆయన కళ్ళ ముందర తట్టనురా అంది. స్ట్రెచర్ మీద గూడా అదే మాట."

"నేనొస్తానని దానికి తెలుసా? ముసుగులోంచి ఎదురున్న మనిషే సరిగ్గా కనపడడు. వెనక వరస ఎట్టా కనపడుద్ది?"

"కనపడదు. కానీ తెలుసు."

"నాలుగేళ్ళూ తెలుసా?"

"తెలుసు మామా."

"బాలశౌరీ, ఇట్టా చూడు. గురువారం నేను గురజాల రాలా. జొరమొచ్చి షాపులో బెంచీ మీదే పడుకున్నా."

"తెలుసు మామా. గేటు కాడ ఉండేది నేనేగా."

"మరి నేనున్నానని దానికెవరు చెప్పారు?"

"నేనే. నువ్వొచ్చావంటే అక్క పులయ్యేది మామా, జనం కుర్చీలెక్కి ఈలలేసేవాళ్ళు. అందుకని... నువ్వు రాని రోజు గూడా వచ్చావనే చెప్పేవాణ్ణి."