గీతలు పడని సింకు

సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. ఉద్యమ నాయకుడొకరు చాయ్ తాగడానికి వస్తున్నారని స్టేషన్ ఘన్‌పూర్‌లోని అరుణ ఇంట్లో ఒకటే హడావుడి. తండా నుంచి వచ్చి పనిచేసే లచ్చి, కొత్త స్టీలు సింకు తోముతోంది. ఆమె కొడుకు ప్రేమ్‌సింగ్ రైలు రోకోలో దొరికి జైలుకు పోయి అప్పటికి పదకొండు రోజులు.

"బూడిదతోని రుద్దకు లచ్చీ, గీతలు పడుతయి. పడితే మళ్ల పోవు."

"నా నొసటి గీతలే పోలే అమ్మా, దీనియేం పోతయి?"

"నీ మాటలకేం తక్కువ లేదు. సబ్బునీళ్లతోని మెత్తగ కడిగి, పొడిబట్టతోని తుడువు. తడి ఉంటే మరకలయితయి."

"తుడుస్త. ఇయ్యాల వచ్చే సారుకు మా ప్రేమ్‌సింగ్ ముచ్చట చెప్తనంటిరి?"

"చూద్దాం తియ్యి."

"పోడు భూములకు పట్టాలడిగితే మాకు రైలు పట్టాలే దక్కినయి. మీ గౌతమ్ బాబు గూడ వాని పక్కనే కూసున్నడు గద. బాబు ఆ పొద్దే ఇంటికొచ్చె. మావోడెందుకు రాలే?"

"సారు ముందర ఆ ముచ్చట తియ్యకు లచ్చీ, నీకు దండం పెడుత."

"ఎందుకమ్మా?"

"పోలీసుల మీద రాయేసింది మా గౌతమ్. వాని చదువు ఖరాబయితదని మా ఆయన మీవోని పేరు చెప్పిండు."

లచ్చి చేతిలోని బట్టను నురగలో వదిలేసి అరుణ వైపు తిరిగింది.

"రాష్ట్రమొస్తే కేసులన్ని ఎత్తేస్తరట. జర ఓపిక పట్టు."

బయట జీపు ఆగింది.

"సారొచ్చిండు. నువ్వు ఎనుక దర్వాజ నుంచి పో."

లచ్చి నురగ చేతులతోనే, పనికొస్తున్న ఏడేళ్లలో ఒక్కసారి కూడా దాటని ముందు గుమ్మం వైపు నడిచింది.