పన్నెండో జత పాదాలు

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మాల్టా దీవిలో, బిర్గు రేవులో పడవ నడిపే ష్మూన్ సంగతి మాత్రం వేరు. వినేవాడు దొరికితే చాలు, వాడే దేవుడు.

ఏసు శిష్యుల పాదాలు కడిగిన పవిత్ర గురువారానికి ముందురోజు మధ్యాహ్నం బెత్తా ద్రాక్షసారా కొట్టు ముందు బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. చర్చి పనులు చూసే గ్రెజ్జు ఒళ్లో ఒక కాగితం ఉంది. మర్నాడు పెద్ద చర్చిలో గ్రాండ్‌మాస్టర్ గొన్సాల్వో, అంటే తెల్ల సిలువ వీరులందరికీ పెద్ద, దీవికంతటికీ ఏలిక, పన్నెండుమంది పేదల పాదాలు తన చేత్తో కడుగుతాడు. కడిగించుకున్నవాళ్లకి కొత్త బట్టలు, తోలుచెప్పులు, కడుపునిండా భోజనం. పదకొండు పేర్లు అయిపోయాయి. పన్నెండో పేరు తన పక్కనే కూర్చున్న ఇద్దరిలో ష్మూన్‌దా, వలలు బాగుచేసే వెంజుదా అన్నది గ్రెజ్జుకి తేలడం లేదు. ముప్పై దాటిన వెంజుకీ, అరవై దాటిన ష్మూన్‌కీ చెప్పులన్నవి లేవు. ష్మూన్‌కి మడమలు పగిలి, పడవలో ఉప్పునీళ్లు తగిలినప్పుడల్లా ప్రాణం గిలగిల్లాడేది. బట్టలూ భోజనం ఎలా ఉన్నా, అతని మనసంతా ఆ చెప్పుల మీదే.

నోరు మూసుకుని కూర్చుంటే సగం పని అయ్యేదే. కానీ గ్రెజ్జు పొరపాటున, "దొరవారిని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా?" అన్నాడు.

"చూడటమేమిట్రా! ఆయన ఈ దీవిలో కాలు పెట్టిందే నా పడవలోంచి. ఇరవయ్యేళ్ల కుర్రాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. టోపీ గాలికెగిరి నీళ్లలో పడింది. తెడ్డుతో ఇలా ఎత్తి ఇచ్చాను. అంతే."

"ఇది నమ్మొచ్చు," అంది బెత్తా, గుమ్మంలో నిలబడి కప్పులు తుడుస్తూ.

ఆ మాట ష్మూన్‌కి ముల్లులా గుచ్చుకుంది. నమ్మదగ్గ మాట చెప్పి ఊరుకోవడం అతనికి తలవంపు.

"అంతే అంటే, అంతే కాదులే. ఆ టోపీని అప్పటికే ఓ చేప కరిచి పట్టుకుంది. మనిషంత చేప! చేపనీ టోపీనీ కలిపే ఎత్తాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'ష్మూన్, నువ్వు లేందే నేను సముద్రం మీదికి పోను' అన్నాడు. సరే, పోయాం. ట్యునీసు దారిలో దొంగల ఓడలు ఐదు!"

"మొన్న మూడన్నావు," అంది బెత్తా.

"మొన్న రెండు పొగలో కనపళ్లేదు. మొదటి గుండుకే మా తెరచాప కొయ్య ఫెళ్లున విరిగింది. నడిసముద్రంలో ఓడ నిలబడిపోయింది, వీరులంతా జపమాలలు తీశారు. నేనేం చేశాను? ఓడ మధ్యన నిలబడి, రెండు చేతులూ చాచి, 'తెరచాప నాకే కట్టండి' అన్నాను. మూడు రోజులు! రెండోరోజుకి ఒక నీటికాకి నా నెత్తిమీద గూడు కట్టింది. మూడోరోజుకి గుడ్లు పెట్టింది. పగులుతాయేమోనని తుమ్ము ఆపుకున్నాను చూడూ, అదీ కష్టమంటే!"

"పిల్లలయ్యాయా బాబాయ్?" వెంజు చేతిలోని వల పక్కన పడేశాడు. ష్మూన్ చెప్పిన ఏ మాటనీ అతను ఏనాడూ అనుమానించి ఎరగడు.

"అయ్యాయిరా. అప్పుడు వదిలాను ఆ తుమ్ము. ఆ ఊపుకి తెరచాప నిండి, ఓడ ఐదు ఓడల మీంచీ ఎగిరి, వచ్చి మన రేవులో వాలింది. ఆ పక్షిపిల్లలు వాళ్లమ్మ కంటే ముందే ఎగరడం నేర్చుకున్నాయి. అదలా ఉంచు. ముసలి గ్రాండ్‌మాస్టర్ పోయాక కొత్తాయన్ని ఎన్నుకోడానికి వీరులు తలుపులేసుకుని కూర్చున్నారా? ఫ్రెంచివాళ్లు ఒకరంటారు, స్పెయిన్‌వాళ్లు ఇంకొకరంటారు, ఎంతకీ తేలదు. నేను రేవులోంచి 'గొన్సాల్వో!' అని ఒక్క కేక పెట్టాను. అది ఈ కోటగోడకి తగిలి, ఆ కోటగోడకి తగిలి, నూటిరవై సార్లు మోగింది. లోపలున్నవాళ్లు ఓట్లనుకుని లెక్కేసుకున్నారు!"

బెత్తా నవ్వలేక గుమ్మం పట్టుకుంది.

"మరి ఆయన ఊరుకుంటాడా? మెడలో బంగారు గొలుసు వేశాడు, ఏడు కిటికీల ఇల్లిచ్చాడు, పద్నాలుగు వెండిపళ్లాలు..."

"ఆగాగు," గ్రెజ్జు కలం ఎత్తాడు. "ఇది పేదవాళ్ల జాబితా ష్మూన్. ఏడు కిటికీల ఇల్లా?"

ష్మూన్‌కి చెప్పులు తమంతట తామే లేచి నడిచి వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

"ఇంటి మీద పిడుగు పడింది."

"పళ్లాలు?"

"ఆ పిడుగు వెండి కోసమే వచ్చింది."

"గొలుసు?"

"ఈతకి దిగితే చేప మింగేసింది. ఆ టోపీ చేపే. పగబట్టింది."

ఎంత బిగపట్టినా గ్రెజ్జు మీసాల కింద నవ్వు ఆగలేదు. "అయితే నీ అంత నిండా మునిగినవాడు దీవిలో లేడన్నమాట. సరే, ఇద్దరూ పేదలే. ఇప్పుడెవరి పేరు రాయను?"

వెంజు లేచి నిలబడ్డాడు. "నా పేరొద్దు మామా, బాబాయ్ పేరే రాయి. రేపు దొరవారు బాబాయ్ ముందు మోకాళ్ల మీద కూర్చుంటారు, పాదం పట్టుకుంటారు, తలెత్తి చూస్తారు. చూడగానే 'ష్మూన్!' అని కావలించుకుంటారు. ఆ ముచ్చట చూడటానికి ఇంకో పదేళ్లు చెప్పుల్లేకుండా తిరుగుతాను. మా అమ్మని కూడా తీసుకొస్తా."

ష్మూన్‌కి రేపటి చర్చి కళ్లకి కట్టింది. దొరవారు పాదం తుడుస్తారు, ఎవరో ముసలాయన అన్నట్టు ఒక చూపు చూస్తారు, పక్కవాడి దగ్గరికి జరిగిపోతారు. ఎదురుగా జనంలో వెంజు ముఖం, పక్కన వాళ్లమ్మ.

"రాసేయనా?" అన్నాడు గ్రెజ్జు.

ష్మూన్ పగిలిన పాదాలు రెండూ బల్ల కిందికి లాక్కున్నాడు. "వెంజు పేరు రాయి."

"అదేంటి బాబాయ్!"

"పిచ్చోడా, స్నేహితుడి చేత కాళ్లు కడిగించుకుంటారట్రా ఎవరైనా? ఆయన ఒప్పుకున్నా నేనొప్పుకోను."

గ్రెజ్జు రాసేశాడు. వెంజు కళ్లు మెరిశాయి. "అయితే ఆయన నా కాలు పట్టుకోగానే నీ కుశలం చెప్తాలే. ష్మూన్ బాబాయ్ పంపాడంటాను."

ష్మూన్‌కి తాగుతున్న సారా కొరబోయింది. "వద్దురోయ్! ఆ నీటికాకి గుర్తొస్తే ఆయన ఏడ్చేస్తాడు. చర్చిలో, అంతమందిలో!"

"ఏడ్చేది ఆయన కాదులే ష్మూనన్నా," అంటూ బెత్తా, అడక్కుండానే, అతని కప్పు నిండా పోసింది.