పదకొండు మగ్గులు

బందరులో మే నెల మూడో వారం. పొద్దున పదిన్నరకే డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడడానికి లేదు; సముద్రాన్ని ఇంత దగ్గర పెట్టుకుని కూడా ఈ ఊరికి చల్లగాలి ఎందుకు కరువో అడిగితే చెప్పేవాడు లేడు. గుడ్లవల్లేరు కాలేజీ ఆఫీసులో సెలవు పెట్టి వచ్చిన సుమలత చేతిలో కొత్త తాళంకప్ప ఉంది. ఎదురుగా, పాత చీరలతో కట్టిన పందిరి కింద, టమాటా మొక్కల డబ్బాల పక్కన నిలబడ్డ ఆమె తండ్రి సుందరరాజు చేతిలో ఖాళీ మగ్గు ఉంది.

“తాగలేదన్నాను గదా.”

“మరి మగ్గు ఖాళీగా ఉందేం నాన్నా?”

“మొక్కలకి పోశాను. పోశాక మగ్గు ఖాళీగా కాక నిండుగా ఉంటుందా?”

“ఇవాళ ఎన్నోసారి ఇది?”

“రెండోసారి.”

“నాలుగోసారని అమ్మ చెప్పింది.”

“మీ అమ్మ వంటింట్లో ఉందా, మెట్ల కింద కాపలా ఉందా?”

“కాపలానే ఉంది, అక్కడ కూర మాడిపోతున్నా. నిన్న పదకొండు సార్లు ఎక్కావంట. పదకొండు మగ్గులు. క్యాలెండరు మీద గీతలు గీసి, గీత గీతకీ టైం కూడా రాసింది. కిందకెళ్ళి చూసుకో.”

“ముప్పై ఒక్కేళ్ళు కాలవ లాకు దగ్గర నేను రాశాను నీళ్ళ రిజిస్టరు. ఇప్పుడు మీ అమ్మ నా మీద రాస్తోందన్నమాట.”

“నవ్వించకు. నవ్వడానికి రాలేదు నేను.”

“ఆ తాళంకప్ప ఎందుకమ్మా?”

“మెట్ల తలుపుకి.”

“ఎవరు రాకుండా?”

“నువ్వు రాకుండా.”

“ఇందుకా ఇంత ఎండలో వచ్చింది? అడ్మిషన్ల టైం గదా, సెలవెలా ఇచ్చారు నీకు?”

“మాట మార్చకు.”

“మార్చట్లేదు. బస్సులో సీటు దొరికిందా అని కూడా అడగకూడదా?”

“దొరికింది. ఇప్పుడు కిందకొచ్చి బరువు మిషను ఎక్కుతావా?”

“ఎక్కను.”

“ఒక్క నిమిషం పని. బుధవారం డయాలసిస్ అయ్యాక యాభై తొమ్మిది కిలోలున్నావు. ఇప్పుడెంతున్నావో చూస్తే తాగావో లేదో దానంతటదే తేలిపోద్ది.”

“నా మాట కంటే ఆ మిషను మాట ఎక్కువా నీకు?”

“ఎక్కువే. పెళ్ళి రోజు కూడా తాగలేదనే చెప్పావు.”

“అది పెళ్ళి.”

“పెళ్ళయితే?”

“శ్యాంబాబు వాళ్ళమ్మాయి పెళ్ళి. ఘంటసాలలో షామియానా కింద మూడొందల మందికి రెండు కూలర్లు. పాస్టరుగారి ప్రార్థన అయ్యేసరికి ఒంటిగంట. ట్రేల్లో మజ్జిగ పట్టుకొచ్చారు. పైన కొత్తిమీర, లోపల ఐసు. గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేశారు. వద్దంటే ఎందుకొద్దు మావయ్యా అంటారు. పెళ్ళి పందిట్లో కూర్చుని నా కిడ్నీల కథ చెప్పుకోమంటావా?”

“ఒక్క గ్లాసయితే పోనీలే అనుకుందును. మూడు గ్లాసులు.”

“మొదటిది చేతిలో పెట్టారు. మిగతా రెండూ నేనే అడిగి తీసుకున్నాను. అబద్ధమెందుకూ.”

“ఆ మూడు గ్లాసులకి మర్నాడు పొద్దున్నే ఎలా అయ్యావో నీకు తెలీదు. నాకు తెలుసు. అంబులెన్సులో నీ పక్కన కూర్చున్నది నేను. నువ్వు ఊపిరి పీలుస్తుంటే లోపల గురగురమని నీళ్ళ చప్పుడు. అమ్మ బైబిలు వాక్యం చదువుతోంది, చదివిందే చదువుతోంది, పేజీ తిప్పట్లేదు. ఆస్పత్రి గేటు కనిపించేదాకా నేను నీ ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయమ్మా, ఈసారికి బయటపడ్డాడు, ఇంకోసారి ఇలా తీసుకొస్తే నా చేతిలో ఉండదు అన్నాడు డాక్టరు. విన్నావా నువ్వు?”

“విన్నాను.”

“ఎక్కడ విన్నావు, నీకు ఆక్సిజన్ పెట్టారు.”

“ముక్కుకి పెట్టారు, చెవులకి కాదుగా.”

“అంత విని కూడా పదకొండు మగ్గులు.”

“మొక్కలకమ్మా.”

“నాన్నా, నేను చిన్నపిల్లనా? ఈ మొక్కలు చూడు. గుడివాడ నర్సరీ నుంచి నారు తెచ్చింది నేనే. రోజంతా గోడలు చూస్తూ కూర్చుంటున్నావు, ఏదో వ్యాపకం ఉంటుందని తెచ్చాను. పూత పూసినప్పుడు పొద్దున్నే ఫోటో పంపావు, మా ఆఫీసులో అందరికీ చూపించాను. ఇప్పుడు చూడు. ఆకులు పసుప్పచ్చగా తిరిగిపోయాయి. తలలు వేలాడేశాయి. మట్టి బీటలిచ్చింది, నా వేలు దూరుతోంది. బెండ ఎప్పుడో పోయింది. మూడు టమాటాలు, ఒక వంగ. నాలుగు డబ్బాలు. పదకొండు మగ్గుల నీళ్ళు తాగిన మొక్కలు ఇలా ఉంటాయా?”

“నలభై ఆరు డిగ్రీలమ్మా. పైన తడి పావుగంట నిలవట్లేదు. పోసింది పోసినట్టే బీటలోంచి కిందకి పోతోంది.”

“నీళ్ళు చాలక ఎండిపోతున్నాయి ఇవి. వాటి వాటా ఎక్కడికి పోతోందో చెప్పు.”

“ఎదురింటి మంగతాయారు గారి డాబా మీద కూడా పూతంతా రాలిపోయింది. ఆవిడ గ్రీన్ నెట్ కట్టించింది, అయినా రాలింది.”

“ఆవిడ మొక్కలకి పూత రాలింది. నీ మొక్కలు చచ్చిపోతున్నాయి. తేడా లేదూ?”

“నేనేం చెయ్యను మరి? చీరలు నాలుగు కట్టాను. నీడ ఎటు జరిగితే అటు డబ్బాలు జరుపుతున్నాను.”

“డబ్బాలు జరుపుతున్నావా? డయాలసిస్ సూదులు గుచ్చే ఆ చేత్తో బరువులు ఎత్తొద్దని చెప్పారా లేదా?”

“కుడి చేత్తో జరిపాను. కాలితో తోశాను. ఈ చెయ్యి ముట్టించలేదు.”

“చాలు నాన్నా. తాళం వేసి చెవి అమ్మకిచ్చి వెళ్తాను. వీటికి అమ్మ పోస్తుంది నీళ్ళు.”

“ఆ మోకాళ్ళతో ఈ మెట్లెక్కుతుందా మీ అమ్మ?”

“ఎక్కలేకపోతే పోనీ. మొక్కలు పోతే పోతాయి.”

“సుమా, తాళం వెయ్యకు.”

“ఎందుకు వెయ్యకూడదో ఒక్క కారణం చెప్పు.”

“పోనీ మధ్యాహ్నం ఒక్కసారి రానియ్యి. రెండున్నరకి. ఆ టైమొక్కటే కష్టం.”

“ఎవరికి కష్టం?”

“మొక్కలకే.”

“రెండున్నర ఎండలో ఎవరైనా మొక్కలకి నీళ్ళు పోస్తారా? నా మొహం చూసి చెప్పు నాన్నా.”

“...నీకు చెప్పినా తెలీదమ్మా.”

“తెలీదు. నువ్వు చెప్పవు, అమ్మ అడగదు. ఎలా తెలుస్తుంది?”

“రోజుకి నాకు ముప్పావు లీటరే నీళ్ళు. మాత్రలు మింగడానికే పావు వంతు పోద్ది. మీ అమ్మ సీసా మీద మార్కరుతో గీతలు గీసింది, ఈ గీతకి టిఫిను, ఈ గీతకి భోజనం అని. ఒక ఐసు ముక్క నోట్లో పెట్టుకుంటే అది కూడా సీసాలోంచి తగ్గించేస్తుంది. ఆవిడ తప్పని అనట్లేదు. నాకు నీళ్ళిచ్చేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటుంది. తనకి దాహమైతే వంటింట్లోకెళ్ళి తలుపేసుకుని తాగుతుంది. నాకు వినపడకూడదని గ్లాసు మెల్లగా పెడుతుంది గట్టు మీద. ఆ మెల్లగా పెట్టడం వినపడుతుంది నాకు.”

“నాన్నా.”

“లాకు దగ్గర ఉన్నప్పుడు, ఏప్రిల్లో కాలవ కట్టేసేముందు, దివిసీమ శివారు రైతులు సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు. ఒక్క జానెడు తలుపెత్తవయ్యా సుందర్రాజూ, చేను ఎండిపోతోందయ్యా అని. పైనించి ఆర్డరు లేదని తెలుసు. తెలిసీ ఎత్తిన రోజులున్నాయి. మెమోలు తీసుకున్నాను. నీళ్ళడిగినవాణ్ణి లేదని పంపడం నా వల్ల అయ్యేది కాదు.”

“ఇప్పుడు నేనే లేదంటున్నాను, అంతేగా నువ్వనేది?”

“నిన్నేమీ అనట్లేదమ్మా.”

“అను. నాకేమైనా సరదాగా ఉందా? నిన్ను చూసి నేను ఆఫీసులో నీళ్ళ సీసా మూత తియ్యడానికి కూడా మొహమాటపడుతున్నాను. నువ్వు ఈ డాబా మీద ఎవరూ చూడకుండా తాగుతున్నావని తెలిశాక నిద్ర పట్టట్లేదు. ఎక్కడ ఫోన్ మోగుద్దో, అమ్మ ఏం చెబుద్దోనని. నువ్వు తాగితే తిట్టాలో, తాగనివ్వాలో కూడా తెలీట్లేదు నాకు.”

“ఏడవకు. ఎండలో ఏడిస్తే తలనొప్పి వచ్చిద్ది.”

“ఏడవట్లేదు. అసలు తాళం దేనికి, ఈ మొక్కలే లేకపోతే నీకు పైకి రావడానికి వంకే ఉండదు. పీకి పారేస్తాను.”

“పీకొద్దమ్మా. సుమా, ఆ చివరిది వద్దు. దానికి కాయ పడింది.”

“ఏదీ?”

“ఆ ఆకు కింద. గోళీ అంత ఉంది చూడు. పూతంతా రాలితే అదొక్కటే నిలబడింది.”

“ఈ కిడ్నీలతో నువ్వు టమాటా ముట్టుకోకూడదు కూడాను.”

“నాకెందుకు, మీ అమ్మకి. పప్పులో వేసుకుంటుంది.”

“సరే, దాన్ని ముట్టుకోను. ఇది తీసేస్తున్నాను. ఇది ఎలాగూ చచ్చిందే.”

“ఉంచమ్మా, సాయంత్రానికి లేచిద్దేమో.”

“ఇదేంటిది? పట్టుకోగానే ఊడొచ్చేసింది.”

“ఎండకి.”

“ఎండకి కాదు. వాసన చూడు నాన్నా. కుళ్ళిన వాసన. వేర్లు చూడు, నల్లగా, పట్టుకుంటే చేతికి అంటుకుంటున్నాయి.”

“ఏదీ, ఇటియ్యి.”

“ఆగు, చెయ్యి పెట్టి చూస్తాను. పైన రెండంగుళాలే పెంకులా ఉంది. కింద అంతా బురద. మోచేతి దాకా బురదే. ఈ డబ్బా కూడా. ఇది కూడా. డబ్బాలకి అడుగున చిల్లులు పెట్టలేదా?”

“చిల్లులు ఎందుకు? కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. చిల్లులు పెడితే నీళ్ళన్నీ డాబా మీదకి కారిపోవూ?”

“ఈ మట్టెక్కడిది?”

“మొవ్వ నుంచి మన చర్చి కుర్రాడు మార్కు తెచ్చిచ్చాడు. మంచి మడి మట్టి. చుక్క కూడా ఇంకనివ్వదు, వరికి మహా బాగుంటుంది.”

“ఇది వరి కాదు నాన్నా. టమాటాకి నీళ్ళు నిలబడకూడదు. నీళ్ళు చాలక చావలేదు ఇవి. మునిగి చచ్చిపోయాయి.”

“మునిగా?”

“ఇన్ని నీళ్ళు ఎక్కడివి ఇందులో? నువ్వు తాగితే ఇవెక్కడివి?”

“చెప్పాను గదా.”

“తాగలేదా?”

“లేదు.”

“ఒక్క గుక్క కూడా?”

“మొహం మీద చల్లుకున్నాను ఒకటి రెండుసార్లు. నోట్లోకి పోనివ్వలేదు.”

“మరి మిషను ఎక్కమంటే ఎందుకు ఎక్కలేదు? ఎక్కితే సరిపోయేదిగా.”

“అడిగింది కూతురు. చెప్పింది నేను. మధ్యలో మిషనెందుకు?”

“అమ్మ నిన్నంతా మెట్ల కింద కూర్చుని ఏడ్చింది నాన్నా. నేను తాళంకప్ప కొనుక్కుని బస్సెక్కాను. నువ్వు నోరు విప్పి చెబితే ఏమయ్యేది?”

“ఏమని చెప్పను?”

“నర్సరీ అతను చెప్పాడు, నాలుగు డబ్బాలకీ కలిపి పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు అని. నేను కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.”

“చూశాను.”

“చూసి కూడా? పదకొండు సార్లెందుకు పోశావు నాన్నా?”

“నాకు దాహం వేసినప్పుడల్లా పోశానమ్మా. వాటికి చాలిందో లేదో నాకెలా తెలుస్తుంది.”